అడపములోని కత్తి – ఒక క్షుర చరిత్ర



‘కత్తి’ అనగానే మన సాహిత్యాభిమానుల మనస్సు నేరుగా యుద్ధరంగానికి పరుగెత్తుతుంది. ఖడ్గము, కృపాణము, అసి, కరవాలము – ఎన్ని పర్యాయపదాలు! ఐతే ఎంతటి వీరుని మెడకైనా శత్రువు కత్తి జీవితంలో ఒకటి రెండుసార్లు మాత్రమే సమీపించి ఉంటుంది. అదే మెడమీద పక్షానికొకసారి, ఏ రక్తపాతమూ లేకుండా, ఆడిన కత్తి మరొకటున్నది. రాజైనా రైతైనా కన్నులు మూసి, తల వెనుకకు వాల్చి, తన కంఠాన్ని స్వచ్ఛందంగా అప్పగించింది ఆ కత్తికి మాత్రమే. అది క్షురము. వాడుకభాషలో మంగలికత్తి. దాని చరిత్రను నాకు తెలిసినంత మేరకు ఇక్కడ విన్నవిస్తాను.

పదవీ విరమణ చేసిన తరువాత కొందరు తపాలా బిళ్ళలు కూర్చుకుంటారు, కొందరు నాణేలు. నాకు అబ్బిన వ్యసనం పాత క్షురములను సేకరించడం. మదనపల్లెలో పాత ఇనుము కొనే దుకాణాలు, పుంగనూరు సంత, కుప్పం వీధులు – ఈ మూడే నా తీర్థక్షేత్రాలు. ఇన్నేళ్ళలో చేతికి వచ్చినవి ముప్పది పైచిలుకు. వాటిలో తొమ్మిదింటిని నూరి పదునుపెట్టి నేనే వాడుతున్నాను. తక్కినవి చూచుకోవడానికే. ఈ మూడు ఊళ్ళలో దొరికే కత్తులు మూడు రకాలు కావడం మొదట్లో నన్ను ఆశ్చర్యపరచింది. పుంగనూరు సంతలో వచ్చేవి ఎక్కువగా ఊరి కమ్మరి చేసినవి. పొట్టిగా, మందంగా, వెడల్పుగా ఉంటాయి, వాటిమీద ఏ ముద్రా ఉండదు. మదనపల్లెలో అరుదుగా జర్మనీ కత్తులు తగులుతాయి. కుప్పంలో దొరికేవి ముఖ్యంగా ఇంగ్లండు కత్తులు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. జోలార్‌పేట నుంచి బెంగళూరు దండు వరకు రైలుమార్గం 1864లో వచ్చింది. కుప్పం ఆ దారిలోనిదే. పొరుగునే కోలారు బంగారు గనులు. 1880 నుంచి జాన్ టేలర్ సంస్థ ఆధ్వర్యంలో అక్కడ పనిచేయడానికి ఇంగ్లండు నుంచి, విశేషించి కార్న్‌వాల్ ప్రాంతం నుంచి, గనిపనివారు తరలివచ్చారు. వారు వెళ్ళిపోయారు, 2001లో గనులూ మూతపడినవి. వారి సామాను మాత్రం చేతులు మారుతూ చుట్టుపక్కల ఊళ్ళకు చేరింది.

ముందుగా మాటల సంగతి. ‘మంగలి’ శబ్దం ‘మంగళ’ శబ్దం నుంచి వచ్చిందని పెద్దల మాట. పెండ్లిలో మంగళవాద్యం వాయించేది వారే. 1909లో వెలువడిన దక్షిణదేశపు కులాల గ్రంథంలో ఎడ్గర్ థర్‌స్టన్ వీరికి భజంత్రీలు, కళ్యాణకులం అన్న పేర్లుకూడా ఉన్నట్టు వ్రాశాడు. పేరులోనే శుభమున్న ఈ మాటను కాలక్రమేణ మనం తిట్టుగా మార్చినాము. 2023 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాయీబ్రాహ్మణులను కించపరిచే మాటల వాడుకను నిషేధిస్తూ ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చిందంటే, తప్పు మాటది కాదు, పలికిన నోటిది. నేను ఇక్కడ ఆ పదాన్ని చరిత్రలోని పనిముట్టు పేరుగా, పాత వృత్తినామంగా మాత్రమే వాడుతున్నానని మనవి.

అమరకోశం తిరగేస్తే మరొక విచిత్రం కనబడుతుంది. క్షురకునికి అమరసింహుడు చెప్పిన పేర్లలో క్షురి, ముండి, నాపితుడు, దివాకీర్తి, అంతావసాయి అనేవి ఉన్నవి. రాత్రివేళ క్షౌరం నిషిద్ధం కనుక పగటిపూటనే పేరు వినబడేవాడు దివాకీర్తి అని వ్యాఖ్యాతలు వివరించారు. ఎంత అందమైన మాట! ఐతే అదే దివాకీర్తి శబ్దాన్ని అదే నిఘంటువు చండాల పర్యాయపదాలలోనూ చేర్చింది. అనగా శుభానికి పిలిచే చేతిని ఊరి అంచున నిలబెట్టే బుద్ధి మనకు కొత్తది కాదన్నమాట.

ఇక కత్తి ప్రాచీనత. మొహెంజోదారో త్రవ్వకాలలో రాగి, కంచు క్షురములు పలు ఆకారాలలో లభించినవి. ఋగ్వేదంలో క్షుర శబ్దమున్నది. అథర్వవేదంలో క్షౌరసమయాన చదివే సూక్తమే ఒకటున్నది; అందులో సవిత క్షురంతో వస్తాడు, వాయువు వేడినీళ్ళు తెస్తాడు. గడ్డం గీయడానికి ముందు వెంట్రుకను వేడినీటితో మెత్తపరచాలన్న మర్మం వేదకాలానికే తెలుసునన్నమాట. కఠోపనిషత్తులోని క్షురధార ఉపమానం లోకప్రసిద్ధం. దాని నుంచే సోమర్సెట్ మామ్ 1944లో తన ఆంగ్ల నవలకు పేరు పెట్టుకున్నాడు.

నన్ను అన్నిటికంటె అబ్బురపరచింది సుశ్రుతుడు. శస్త్రములకు ఎంత పదును ఉండాలో ఆయన ధాన్యంతోనూ వెంట్రుకతోనూ కొలిచి చెప్పాడు. చీల్చే శస్త్రానికి మసూరపప్పు అంచంత, గీరే శస్త్రానికి అందులో సగం, పొడిచే శస్త్రానికి వెంట్రుకంత, కోసే శస్త్రానికి అర వెంట్రుకంత వాదర ఉండాలట. నూరడానికి మినుముల రంగుగల నున్నని రాయి, నూరిన పిమ్మట వాదరను నిలబెట్టడానికి బూరుగు చెక్క పలక ఉండాలట. రోమాన్ని తెగగోయగలిగితేనే అది పదును. నేడు అమెరికాలోనో జర్మనీలోనో క్షురప్రియులు చేసే పని సరిగ్గా ఇదే – మొదట రాయి, పిదప మెత్తని ఉపరితలం, చివర వెంట్రుక పరీక్ష. బూరుగు పలక స్థానంలోకి తోలుపట్టా వచ్చింది, అంతే భేదం.

క్షురకుని సామానుసంచికి తెలుగులో అడపము, పొది అని పేర్లు. అందులో కత్తి, కత్తెర, గోరుగల్లు, ముల్లు తీసే శ్రావణం, గుబిలి తీసే పుల్ల, చిన్న అద్దం, నీళ్ళగిన్నె, నూరుడురాయి, తోలుముక్క. ఈ జాబితాను మరల ఒకసారి చదవండి. సగం మంగలిది, సగం వైద్యునిది. పల్లెలో సెగగడ్డ కోసింది, పుండు కడిగింది, కట్టు కట్టింది ఆ చేతులే. వారి ఇంటి స్త్రీలు మంత్రసానులు. మనలో చాలామంది తాతముత్తాతలను భూమ్మీద మొదట అందుకున్న చేతులు వారివి. కుప్పం సరిహద్దు దాటి తమిళనాడులో అడుగుపెడితే ఈ కులానికి ‘మరుత్తువర్’ అన్న పేరు నేటికీ వినవస్తుంది. మరుత్తువర్ అంటే వైద్యుడే. లండనులోనూ ఇంతే. అక్కడ 1540లో ఎనిమిదవ హెన్రీ రాజు క్షురకులను, శస్త్రవైద్యులను ఒకే సంఘంగా కూర్చాడు. 1745 దాకా వారు విడిపోలేదు. అక్కడ విడిపోయిన శస్త్రవైద్యుడు గౌరవం పొందాడు. ఇక్కడ పల్లెవైద్యాన్ని ఆసుపత్రులు తీసుకున్నవి – మన మదనపల్లె దాపున ఆరోగ్యవరంలో క్షయ చికిత్సాలయం 1915లోనే వెలసింది – కాని పల్లెవైద్యునికి మిగిలింది కత్తి, కత్తెర మాత్రమే.

ఆయగాండ్ర వ్యవస్థలో క్షురకునికి రొక్కం ముట్టేది కాదు. పంట నూర్చిన కళ్ళంలో మేర కొలిచి ఇచ్చేవారు. కొన్ని ఊళ్ళలో మాన్యం భూమి ఉండేది. పంట పండితే గింజలు, ఎండితే గడ్డాలు మాత్రం యథాప్రకారం. మా సీమలో ఎన్ని ఏండ్లు పంట పండుతుందో చదువరులకు చెప్పనవసరం లేదు.

ఈ కత్తి ఒక్కసారి మాత్రం రాజశాసనాన్ని కదిలించింది. విజయనగరాన్ని సదాశివరాయలు పేరుకు పాలిస్తుండగా అధికారమంతా అళియ రామరాజు చేతిలో ఉన్న కాలమది. బాదామికి చెందిన కొండోజు అనే క్షురకుడు రామరాజును తన పనితనంతో మెప్పించాడు. వరం కోరుకొమ్మంటే తనకని మణులు మాన్యాలు కోరలేదు. తన కులంవారిపై ఉన్న పన్నులు, కానుకలు, వెట్టి తొలగించమన్నాడు. ఆ మినహాయింపును ప్రకటించే శాసనాలు 1540ల నడిమికాలంలో కన్నడ, తెలుగు దేశాలలో ఊరూరా రాళ్ళమీద చెక్కబడినవి. దానాలు చేసిన రాజుల శాసనాలు మనకు వేలున్నవి. ఒక పనివాడు, తన చేతిపనిని పెట్టుబడిగా పెట్టి, తనవారందరికీ విముక్తి సంపాదించిన శాసనాలు ఎన్ని ఉన్నవి? అంతఃపురంలో మంత్రులు అడుగలేనిది ఆ చేయి అడిగింది. ఇరవైయేండ్ల తరువాత 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో రామరాజు తల తెగింది. ఆ తలను ఏండ్ల తరబడి కత్తికింద పెట్టుకొని చిన్న గాటు పడకుండా కాపాడినవాని పేరు పాఠ్యపుస్తకాలలో లేదు.

ఇక ఉక్కు కథ. నా సంచిలోని ఇంగ్లండు కత్తులు పరదేశపు సొత్తు అనుకుంటాము గాని వాటి జాతకంలో మన పేరున్నది. దక్షిణభారతపు మూసఉక్కును పాశ్చాత్యులు ‘ఊట్జ్’ అన్నారు. అది మన ‘ఉక్కు’ శబ్దానికే వక్రరూపమని చాలామంది పండితుల అభిప్రాయం. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపొందిన ఊరు. హెన్రీ వాయిసీ అనే శాస్త్రవేత్త అక్కడి కొలిమిపనిని చూచి వివరంగా వ్రాశాడు. 1794 ప్రాంతంలో బొంబాయి నుంచి డాక్టర్ హెలినస్ స్కాట్ ఈ ఉక్కుముద్దలను లండనులోని జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. 1795లో జార్జి పియర్సన్ దానిపై రాయల్ సొసైటీకి పరిశోధనాపత్రం సమర్పించాడు. లండనులో శస్త్రవైద్యపు పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్ట్ దీనికి ముగ్ధుడైనాడు. అతడు యువకుడైన మైకేల్ ఫారడేతో కూడి 1818 మొదలు 1822 వరకు ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటి లోహాలను కలిపి ప్రయోగాలు చేశాడు. ఊట్జ్ రహస్యాన్ని ఛేదించాలన్నదే ఆ ప్రయత్నానికి మూలం. విద్యుత్తు మహర్షిగా మనం పాఠాలు చెప్పిన ఫారడే, తన ఉక్కుతో క్షురములు చేయించి స్నేహితులకు కానుకగా ఇచ్చాడు! ఐదువందల పాళ్ళ ఉక్కుకు ఒక పాలు వెండి కలిపిన మిశ్రమం వారికి నచ్చింది. ఆ పిమ్మట షెఫీల్డు కత్తులపై ‘సిల్వర్ స్టీల్’ అన్న ముద్ర పరిపాటి అయింది. వాటిలో చాలావాటికి వెండి పేరులోనే తప్ప లోహంలో లేదు. అది వ్యాపారుల చమత్కారం.

షెఫీల్డు నగరంలో బెంజమిన్ హంట్స్‌మన్ 1740 ప్రాంతంలో మూసలో ఉక్కు కరిగించే పద్ధతి నెలకొల్పినప్పటి నుంచి క్షురవ్యాపారం ప్రపంచమంతటా అల్లుకున్నది. మరొక మదరాసు సంబంధం చెప్పాలి. కుంపిణీ ఉద్యోగి జోసియా మార్షల్ హీత్ పరంగిపేటలో ఇనుప కర్మాగారం పెట్టి, నష్టపడి, ఇంగ్లండు చేరాడు. మూసఉక్కులో మాంగనీసు కలిపే పద్ధతికి 1839లో పేటెంటు పొందాడు. షెఫీల్డువారు ఆ పద్ధతిని వాడుకున్నారు గాని ఆయనకు దక్కవలసినది దక్కలేదు. వ్యాజ్యాలు ఆయన మరణానంతరం కూడా సాగినవి. ఇక ఆ కత్తులను సానచక్రం మీద అరగదీసిన కూలీల కథ మరీ దయనీయం. రాతిధూళి, ఉక్కుధూళి ఊపిరితిత్తులలో పేరుకొని వారు నడివయసు రాకముందే కన్నుమూసేవారు. ‘గ్రైండర్ల ఉబ్బసం’ అని ఆ వ్యాధికి పేరే ఏర్పడింది. అక్కడ ఒక చేయి ప్రాణం పెట్టి అరగదీసింది; ఇక్కడ మరొక చేయి మేరగింజల కోసం నూరింది. నడుమ నిగనిగలాడిన గడ్డం మూడవవానిది.

పాత కత్తి దొరికితే దాని వయస్సు ఎలా తెలుసుకోవాలని మిత్రులు అడుగుతుంటారు. కత్తి అలుగుకూ పిడికీ నడుమ ఉన్న భాగంలో ముద్ర ఉంటుంది, భూతద్దంతో చూడాలి. జోసెఫ్ రాడ్జర్స్ కత్తులకు నక్షత్రం, మాల్టా శిలువ గుర్తులు. కిరీటంతోపాటు ‘డబ్ల్యు. ఆర్.’ అని ఉంటే నాలుగవ విలియం కాలం, అనగా 1830–37. ‘వి. ఆర్.’ అని ఉంటే విక్టోరియా రాణి కాలం, 1837–1901. దేశం పేరు ముద్రించి ఉంటే అది సాధారణంగా 1890 తరువాతిది. దిగుమతి సరుకుపై తయారైన దేశం పేరుండాలని అమెరికా ఆ సంవత్సరం చట్టం చేసింది. బ్రిటన్ 1887లోను, ఇండియా 1889లోను సరుకు గుర్తుల చట్టాలు తెచ్చినవి. జర్మనీ సరుకు షెఫీల్డు పేరుతో చెలామణి కాకూడదన్నది వారి పట్టుదల. విధి వైపరీత్యం చూడండి – అవమానంగా వేయించిన ‘జర్మనీలో తయారు’ అన్న ముద్రే కొన్నాళ్ళకు నాణ్యతకు చిహ్నమైంది. జర్మనీలోని జోలింగెన్ పనివారు అలుగును రెండు వైపులా లోపలికి గుల్లగా అరగదీసి పలుచన చేసే విద్యలో ఆరితేరినారు. గోటితో మీటితే ఖంగుమంటుంది. షెఫీల్డు పాత కత్తులు చీలిక ఆకారంలో బరువుగా ఉంటాయి. 1938లో జోలింగెన్ అన్న పేరుకు జర్మనీలో చట్టరక్షణ కూడా లభించింది.

పిడులను గూర్చి ఒక హెచ్చరిక. కొమ్ముపిడి, కర్రపిడి ఉన్నవి నిశ్చింతగా ఉంచుకోవచ్చు. సెల్యులాయిడ్ పిడులు కొన్నాళ్ళకు కుళ్ళి, ఆవిరి విడిచి, అలుగును తుప్పు పట్టిస్తాయి. అట్టివాటిని తక్కినవాటితో కలిపి పెట్టరాదు. దంతపు పిడులు చూడముచ్చటగా ఉంటాయి గాని, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టానికి 1986లోను 1991లోను వచ్చిన సవరణలతో మన దేశంలో దంతం వ్యాపారం నిషిద్ధమైంది. కావున కొనరాదు, అమ్మరాదు. ఏనుగు ప్రాణం కంటె మన ముచ్చట గొప్పది కాదు.

ఇక వాడుక. కత్తిని రాతిమీద బల్లపరుపుగా పెట్టాలి. వెన్నూ వాదరా రెండూ రాతిని తాకాలి. వెన్ను మందమే కోణాన్ని నిర్ణయిస్తుంది – సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. తయారుచేసినవాడు ఆ లెక్కను కత్తిలోనే దాచిపెట్టాడు. మొదట ముతకరాయి, క్రమంగా నున్ననిరాయి. నేటి కొలతలలో 1000 నుంచి మొదలై 8000, 12000 దాకా. రాతిమీద వాదర ముందుగా నడవాలి, తోలుపట్టామీద వెన్ను ముందుగా నడవాలి. తిప్పేటప్పుడు ఎప్పుడూ వెన్నుమీదుగానే తిప్పాలి. గీయడానికి ముందు వేడినీటి గుడ్డతో గడ్డం నానబెట్టి, నురుగు పట్టించి, ఎడమచేతితో చర్మాన్ని బిగించి, కత్తిని 30 డిగ్రీల వాలున ఉంచి, వెంట్రుక వాలువెంట మాత్రమే నడపాలి. పక్కకు జరపడం ప్రమాదం. బలం ప్రయోగించనే రాదు. పని ముగిసిన వెంటనే తుడిచి, ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె పలుచగా పూయాలి.

ఈ విద్యను నాకు నేర్పినది పుస్తకం కాదు. మదనపల్లెలో ఒక వృద్ధ క్షురకుడు. ఎనిమిది పదులు దాటినవాడు, చేయి వణుకుతుంది; తోలుపట్టా ముందు కూర్చుంటే మాత్రం ఆ వణుకు ఏమయ్యేదో తెలియదు. “పెద్దాయనా, పదును చాలునని ఎట్లా తెలుస్తుంది?” అని అడిగాను. “అయివోరా, పదును చేతికంటే ముందు చెవికి తెలస్తాది. తోలు మింద కత్తి పొయ్యేటప్పుడు నిద్దరపోయే బిడ్డ ఊపిరి మాదిరి మెత్తంగా ఇనపడల్ల. గరగర అనిందా, మళ్ళా రాతికాడికి పోవాల్సిందే” అన్నాడు. సుశ్రుతుడు చెప్పని పరీక్ష ఇది. ఆయన కత్తి కొందామని ధర అడిగితే నవ్వాడు. “నేర్చుకుంటానంటే ఊరికే నేర్పిస్తా. కత్తి మాత్రం ఈను. అది మా తాతది” అన్నాడు.

ఆ తాతను గురించి ఆయన చెప్పిన సంగతి ఇక్కడ నమోదు చేయడం నా విధి అనుకుంటాను. ఒకానొక ఇంటిలో పదమూడేండ్ల బాలవితంతువుకు శిరోముండనం చేయమని ఆయన తాతను పిలిపించారట. కాదనే హక్కు ఊరి ఆయగానికి లేదు. “పని ముగించుకొని వచ్చి బావికాడ ఆ కత్తిని ముమ్మాటికీ కడిగినాడంట. ఆ పొద్దు అన్నం ముట్టలేదంట. మా అవ్వ చెప్పేది” అన్నాడు వృద్ధుడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతువివాహం జరిపించారని మనం ఏటా పాఠం చెప్పాము. ముండనం చేయించుకున్న బాలిక దుఃఖాన్నీ చెప్పాము. ఆ కత్తి పట్టిన చేయి కూడా వణికిందన్న సంగతి ఏ పాఠంలోనూ చెప్పలేదు. బొంబాయిలో 1890లో క్షురకులు సభ చేసి, వితంతువుల తలలు ఇక గొరగమని తీర్మానించుకున్నారు. నారాయణ మేఘాజీ లోఖండే వారికి వెన్నుదన్నుగా నిలిచాడు. సంఘసంస్కరణ అంటే చదువుకున్నవారు చేసింది మాత్రమే అనుకునేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలును.

కత్తి చరిత్రలో చీకటి ఇంకా ఉన్నది. దళితులకు క్షౌరం చేయరాదన్న కట్టుబాటు ఎన్నో ఊళ్ళలో సాగింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం అట్టి నిరాకరణను శిక్షార్హం చేసింది. 1976లో దానినే పౌరహక్కుల రక్షణ చట్టమన్నారు. శిక్షగా తల గొరిగించడం మరొక క్రౌర్యం. అప్పటి తూర్పుగోదావరి జిల్లా వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళిత యువకులకు జరిగిన శిరోముండనంపై తీర్పు విశాఖపట్నం న్యాయస్థానం నుంచి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. ఇరవై ఏడేండ్లు! వెంట్రుకలు నెలలో మొలుస్తాయి. మానం మొలవడానికి అంతకాలం పట్టింది. తిరుమల కళ్యాణకట్టలో స్వచ్ఛందంగా సమర్పించే తలనీలాలు అహంకారాన్ని తొలగిస్తాయంటారు. అదే పని బలవంతాన చేస్తే ఆత్మగౌరవాన్ని తొలగిస్తుంది. కత్తి ఒకటే, కర్మ ఒకటే. భేదమంతా తల వంచినవాని సమ్మతిలో ఉన్నది. భాష దీనిని ముందే గ్రహించింది కాబోలు. మోసపోతే ‘క్షవరమైంది’ అంటాము, ఉన్నదంతా లాగుకుంటే ‘నున్నగా గొరిగాడు’ అంటాము. పనిలేని మంగలి పిల్లి తల గొరిగిన సామెతలో కూడా నవ్వు పనివానిమీదనే గాని, పని ఇవ్వని ఊరిమీద కాదు.

పాత కత్తిని అంగడినుంచి తరిమినవారు ఇద్దరు. మొదటివాడు అమెరికాలోని కింగ్ క్యాంప్ జిల్లెట్. 1903లో ఆయన సంస్థ అమ్మినవి 51 పరికరాలు, 168 బ్లేడులు మాత్రమే. 1904లో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు లక్షలకొద్దీ అందినవి. మన ఇండ్లలోకి సెవెన్ ఓ క్లాక్, టోపాజ్ బ్లేడులు వచ్చి, ఇంటి గడ్డం ఇంటనే గీసుకోవడం అలవాటైంది. ఐనా అంగడిలో పాతకత్తి నిలిచింది. రెండవది వ్యాధిభయం. 1986లో చెన్నైలో హెచ్‌ఐవి మన దేశంలో మొదటిసారి బయటపడింది. ఆపై తలకొక కొత్త బ్లేడు వాడాలన్న ప్రచారం పల్లెపల్లెకూ చేరింది. బ్లేడును నడిమికి విరిచి పిడిలో దూర్చే కత్తి పాతకత్తి స్థానాన్ని ఆక్రమించింది. ఇది జరగవలసినదే. ఒకే వాదర పదిమంది రక్తాన్ని తాకరాదు. నా పాతకత్తులు నా ఒక్కని గడ్డానికే పరిమితం. మరొకరికి ఇవ్వను, చదువరులూ ఇవ్వవద్దు.

కత్తి పోయినందుకు నాకు విచారం లేదు. కత్తితోపాటు మాటలు పోతున్నవి. అలుగు, వాదర, అడపము, పొది, గోరుగల్లు, శ్రావణం – ఈ మాటలు మా బడిపిల్లలకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడు వస్తువు చూపించగలిగాను. నా తరువాతి అధ్యాపకుడు నిఘంటువు మాత్రమే చూపగలడు. అద్దాలపెట్టెలో కత్తిని దాచి, దానిని పట్టిన చేతిని మరచిపోతే ఆ సేకరణ పాత ఇనుము దుకాణం కంటె గొప్పదేమీ కాదు. అందువలన నా వద్దనున్న ప్రతి కత్తికీ ఒక చీటీ కట్టాను. దొరికిన ఊరు, ముద్ర, కాలం, దానిని గురించి విన్న మాట. ముద్రలేని పుంగనూరు కమ్మరి కత్తుల చీటీలలో ‘చేసినవాడు’ అన్న గడి ఖాళీగా ఉన్నది. ఆ గడిని మాత్రం నేను కొట్టివేయలేదు.

చదువరులకు ఒక విన్నపం. మీ మీ ప్రాంతాలలో క్షురకవృత్తికి సంబంధించిన మాటలు, పనిముట్ల పేర్లు, మేర కొలతలు, ముఖ్యంగా పెద్దవారైన వృత్తిదారులు చెప్పే సంగతులు తెలిసినవారు దయచేసి వ్యాఖ్యలలో వ్రాయండి. కోస్తా, తెలంగాణ, కళింగాంధ్ర, తమిళనాడులోని తెలుగువారి మాటలన్నీ ఒకచోట చేరితే చిన్న పదకోశమే అవుతుంది. ఆ వృత్తిదారుల ఇండ్లలో పుట్టినవారు మనలో ఉంటే, ఈ వ్యాసాన్ని దిద్దవలసిన మొదటి హక్కు వారిదే.

స్వస్తి.